ఆట మానితే చదువొస్తుందా? వాడ పిల్లలు, బుద్ధి నిలకడ, బడి

"ఈ పిల్లలకి నిలకడ లేదండీ. అయిదు నిమిషాలు కుదురుగా కూర్చోరు. పొద్దున చెప్పింది సాయంత్రానికి మర్చిపోతారు. కూడికలు వచ్చాయనుకుంటే తీసివేతల దగ్గర ఆగిపోతారు. ఆటలంటే మాత్రం పొద్దస్తమానం ఆడతారు." మాల, మాదిగ, రెల్లి, ఎరుకల, వడ్డెర పిల్లల గురించి టీచర్ల గదుల్లో ఈ మాటలు వినపడుతూనే ఉంటాయి. కొందరు కోపంతో అంటారు, కొందరు జాలితో అంటారు. ఎట్లా అన్నా అర్థం ఒకటే. లోపం పిల్లల పుట్టుకలో ఉంది, పెంపకంలో ఉంది, వాడలో ఉంది. బడిలో మాత్రం లేదు. పిల్లలు పెద్దయ్యాక ఈ మాటే 'మెరిట్' అని పేరు మార్చుకుని రిజర్వేషన్ల మీదికి వస్తుంది.

ఈ వ్యాసంలో మేం చెప్పదలచుకున్నది ఇది. నిలకడ అనేది పుట్టుకతో వచ్చే గుణం కాదు, సాధనతో పెరిగే శక్తి. ఆ సాధనకి పిల్లలకున్న మంచి దారుల్లో ఆట ఒకటి. అయితే ఏ ఆటైనా ఎక్కడైనా ఆడిస్తే చాలదు. నియమం అందరికీ ఒకటేగా ఉన్నచోటే ఆట బుద్ధిని పెంచుతుంది. కులం ఉన్న బడిలో అటువంటి చోటు దానంతటది దొరకదు, మనం తయారు చెయ్యాలి. టీచర్లూ, హాస్టల్ వార్డెన్లూ, రాత్రిబడులు నడిపే కార్యకర్తలూ దీన్ని ఎట్లా చెయ్యొచ్చో చివర్లో వివరంగా చెబుతాం.

నిలకడ అంటే ఏంది?

మనస్తత్వ శాస్త్రంలో దీనికి 'ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్స్' అని పేరు. మనం 'సంబాళింపు శక్తి' అందాం. నాలుగు వైపుల నుంచి మనసులోకి వచ్చి పడేవాటిని సంబాళించుకుంటూ, అనుకున్న పనిని చివరిదాకా తీసుకుపోయే శక్తి అన్నమాట. 2000లో అకీరా మియాకే, ఆయన సహచరులు అచ్చువేసిన పరిశోధన దీన్ని మూడు పాయలుగా విడదీసి చూపింది. పిల్లల్లో ఇవి ఎట్లా పెరుగుతాయో ఎడెల్ డయమండ్ వంటి వాళ్ళు తర్వాత వివరించారు.

మొదటిది పని జ్ఞాపకం. ఒక విషయాన్ని మనసులో పట్టుకుని ఉంటూనే దానిమీద పని చెయ్యడం. నోటిలెక్క చేసేటప్పుడు 'చేతిలో ఒకటి' పట్టుకుని తర్వాతి వరస కూడాలి. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు గుర్తుండాలి.

రెండోది ఆపుకోవడం. నోటిదాకా వచ్చిన మాటని, ముందుకు పోయిన చేతిని, కిటికీ వైపు లాగే చూపుని ఆపుకుని చెయ్యవలసింది చెయ్యడం. బడి భాషలో దీన్నే బుద్ధిమంతుడు అంటారు. కానీ బుద్ధిమంతుడనే మాటలో భయం కూడా కలిసి ఉంటుంది. బెత్తం చూసి ఆగడం వేరు, తనంతట తాను ఆపుకోవడం వేరు. మొదటిది బెత్తం పోగానే పోతుంది.

మూడోది మార్చుకోవడం. నియమం మారితే తన పద్ధతి మార్చుకోవడం. కూడిక నుంచి తీసివేతకు పోవాలి, కథ నుంచి ప్రశ్నకు పోవాలి. వాడ పిల్లగాడు రోజూ ఇంకో మార్పు కూడా చేస్తున్నాడు. ఇంట్లో 'ఆడికి పోతన్నా' అన్నవాడు బడిలో 'అక్కడికి వెళ్ళుచున్నాను' అని రాయాలి. పుస్తకం భాషే ఇంటి భాష అయిన పిల్లవాడికి ఈ పని లేదు. అంటే ఒకే పాఠానికి ఒకరు ఒక పని చేస్తుంటే ఇంకొకరు రెండు పనులు చేస్తున్నారు. మార్కులు మాత్రం ఒక పనికే వేస్తారు.

ఈ మూడు శక్తులకూ మెదడులో నుదుటి వెనక ఉండే భాగంతో దగ్గరి సంబంధం ఉంది. మూడేళ్ళ నుంచి ఆరేడేళ్ళ దాకా ఇవి వేగంగా పెరుగుతాయి. ఆ తర్వాత కూడా ఆగవు, ఇరవై దాటిందాకా పెరుగుతూనే ఉంటాయి. కాబట్టి ఆరో తరగతి పిల్లాణ్ణి చూసి 'వీడింతే' అనడం శాస్త్రం కాదు, జాతకం.

వాడలో ఈ శక్తి లేదనడం కూడా అబద్ధమే. అమ్మ కూలికి పోతే తొమ్మిదేళ్ళ పిల్ల చెల్లెల్ని చంకనేసుకుంటది. పొయ్యి మీద అన్నం పొంగకుండా చూస్తది. నీళ్ళు వచ్చే టైముకి బిందె వరసలో పెట్టి వస్తది. గుర్తుపెట్టుకోవడం, ఆపుకోవడం, ఒక పని నుంచి ఇంకో పనికి మారడం అన్నీ అందులో ఉన్నాయి. పిల్ల మీద ఇంత బరువు ఉండాలని మేం అనడం లేదు. ఆ బరువు దించాల్సిందే. కానీ ఆ పిల్ల బడికొచ్చినాక 'నిలకడ లేదు' అనిపించుకుంటుంటే, లోపం పిల్లలో ఉందా, పిల్లకున్న శక్తిని చూడలేని బడిలో ఉందా అని అడగాలి కదా.

మన ఆటల్లో ఏముంది?

పనిపాటలు చేసుకునే వాళ్ళ పిల్లలు తరతరాలుగా ఆడే ఆటల్ని బడి ఎన్నడూ చదువుగా లెక్కపెట్టలేదు. డబ్బు పెట్టి కొనే పనిలేని ఆటలు ఇవి. పెంకులు, రాళ్ళు, చింతపిక్కలు, పుల్లలు ఉంటే చాలు. వాటిని ఒకసారి విప్పి చూద్దాం.

నేల-బండ తీసుకోండి. దొంగ 'నేల' కోరుకుంటే నేలంతా అతనిది. మిగతావాళ్ళు బండ మీదో అరుగు మీదో ఉండాలి. దిగి ఊరించాలి, చిక్కకుండా ఎక్కాలి. తర్వాతి ఆటలో దొంగ 'బండ' అన్నాడంటే అంతా తిరగబడుతుంది. ఇప్పటిదాకా కాపాడిన బండే ఇప్పుడు ప్రమాదం. కాళ్ళు అలవాటుగా బండ వైపే పరిగెడతాయి, వాటిని ఆపి నేల మీద ఉంచాలి. ఆపుకోవడం, మార్చుకోవడం ఒక్క క్షణంలో జరుగుతాయి.

చెడుగుడులో కూతకు పోయినవాడు ఊపిరి బిగబట్టి, కూత ఆపకుండా, ఎదుటి జట్టులో ఎవరు ఎక్కడున్నారో చూసుకుంటూ, గీతకి ఎంత దూరం వచ్చాడో మనసులో కొలుచుకోవాలి. ఒకణ్ణి ముట్టాక ఇంకొకణ్ణి ముట్టాలన్న ఆశని ఆపుకుని వెనక్కి తిరగాలి. ఎవరు అవుటయ్యారో, ఏ వరసలో మళ్ళీ లోపలికి రావాలో జట్టంతా గుర్తుంచుకోవాలి.

అచ్చనగండ్లలో ఒక రాయి పైకెగరేసి, అది కిందికి వచ్చేలోపల మొదట ఒక్కొక్కటి, తర్వాత రెండేసి, తర్వాత మూడు, ఆ తర్వాత నాలుగూ ఏరాలి. మెట్టు మెట్టుకీ కష్టం పెరుగుతుంది. ఏ మెట్టు దగ్గర తప్పిందో గుర్తుంచుకుని మళ్ళీ వంతు వచ్చినప్పుడు అక్కణ్ణించే మొదలుపెట్టాలి. కర్రాబిళ్ళలో కొట్టిన దూరాన్ని కళ్ళతో కొలిచి ఇన్ని కర్రలని అడగాలి. ఎక్కువ అడిగితే ఎదుటివాడు 'కొలువు' అంటాడు. వామనగుంటల్లో పిక్కలు పంచుకుంటూ పోతే ఆఖరి పిక్క ఎక్కడ పడుతుందో పంచకముందే లెక్క తేలాలి. పులి-మేకలో మూడు పులుల్ని పదిహేను మేకలు కట్టడి చెయ్యాలి. ఒక్క మేక ఒంటరిగా ముందుకు పోతే చస్తుంది, ఒకదాని వెనక ఒకటి నిలబడితే పులికి దూకే జాగా దొరకదు. మూడు ఎత్తులు ముందు చూడగలిగినవాడే మేకల్ని బతికిస్తాడు.

వీటన్నిటికన్నా ముఖ్యమైంది ఇంకొకటి ఉంది, తొండి గురించి తగాదా. 'నువ్వు తొండి', 'కాదు గీత ముట్టలేదు' అని పిల్లలు అరుచుకుంటుంటే పెద్దవాళ్ళు విసుక్కుంటారు. నిజానికి అక్కడ నియమం తయారవుతున్నది. నియమమంటే ఏంది, ఎవరికి వర్తిస్తది, చిన్నపిల్లకి ఎంత సడలించాలి, అన్నీ పిల్లలే తేల్చుకుంటున్నారు. పైనుంచి ఎవరో ఇచ్చిన నియమాన్ని భయంతో పాటించేవాడికి దొరకని చదువు ఇది.

పరిశోధనలు ఏం తేల్చాయి?

ఆటలో పిల్లలు తమకన్నా పెద్దవాళ్ళలాగా ప్రవర్తించగలుగుతారని సోవియట్ రష్యాలో వైగోట్‌స్కీ 1933లోనే చెప్పాడు. ఆ దారిలోనే 1940లలో మనూయిలెంకో ఒక ప్రయోగం చేసింది. కదలకుండా నిలబడమని చెబితే చిన్నపిల్లలు కొద్దిసేపటికే కదిలిపోయారు. 'నువ్వు కాపలా సిపాయివి' అని ఆటలో పెడితే అదే పిల్లలు చాలా ఎక్కువ సేపు నిలబడ్డారు. పిల్లలు వాళ్ళే, కాళ్ళు అవే. మారింది నిలబడటానికి ఉన్న అర్థం.

అమెరికాలో పేద పిల్లల కోసం 1965 నుంచి హెడ్‌స్టార్ట్ అనే బాలబడులు నడుస్తున్నాయి. ఆ బడుల్లోని పిల్లలతో చేసిన ఒక పరిశోధనని సారా ష్మిట్, మేగన్ మెక్‌లెలండ్, వాళ్ళ సహచరులు 2015లో అచ్చువేశారు. వాడిన ఆటలు చాలా మామూలువి. ఒక రంగు చూపిస్తే కదలాలి, ఇంకో రంగు చూపిస్తే ఆగాలి, కాసేపటికి రంగుల అర్థం తిరగెయ్యాలి. డోలు వేగంగా కొడితే వేగంగా, మెల్లగా కొడితే మెల్లగా నడవాలి, తర్వాత దానికి విరుద్ధంగా చెయ్యాలి. ఎనిమిది వారాల్లో పదహారు సార్లు ఆడిన పిల్లల్లో ఆపుకునే శక్తి, ఆడని పిల్లలతో పోలిస్తే బాగా పెరిగింది. ఇటువంటి పద్ధతులన్నిటినీ సమీక్షిస్తూ 2011లో ఎడెల్ డయమండ్, కాథ్లీన్ లీ రెండు సంగతులు చెప్పారు. మొదట వెనకబడి ఉన్న పిల్లలకే వీటివల్ల ఎక్కువ మేలు జరుగుతుంది. కష్టం మెట్టుమెట్టుగా పెరగకపోతే మాత్రం మేలు ఆగిపోతుంది.

అయితే ఆటని మంత్రదండంలాగా చూపించడం కూడా మోసమే. 2017లో మొయిరా డిలన్, ఎస్తర్ డుఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ వాళ్ళ బృందం ఢిల్లీ పేదల బస్తీల్లోని 214 బాలబడుల్లో 1,540 మంది పిల్లలతో చేసిన ప్రయోగాన్ని ప్రకటించింది. గణితం ఆటలు ఆడిన పిల్లలకు ఏది ఎక్కువ, ఏది తక్కువ, ఏ ఆకారం వేరు అనే పట్టు పెరిగింది. అది ఏడాది దాటినా నిలిచింది. కానీ ఆ పిల్లలు ఒకటో తరగతికి పోయాక అంకెల లెక్కల్లో ముందుకు పోలేదు. 2025లో వచ్చిన మరో పరిశోధన కలకత్తా, ఢిల్లీ బజార్లలో కూరగాయలూ సామాన్లూ అమ్మే పిల్లల గురించి. అంగట్లో కష్టమైన లెక్కల్ని క్షణంలో నోటితో తేల్చే పిల్లలు, అవే లెక్కల్ని బడి పద్ధతిలో కాగితం మీద రాసిస్తే చెయ్యలేకపోయారు. బడిలో బాగా చదివే పిల్లలు బజారు లెక్క చెయ్యలేకపోయారు.

దీన్నుంచి మనం నేర్చుకోవాల్సింది స్పష్టం. ఆటకీ పలకకీ మధ్య వంతెన దానంతటది పడదు. ఆటలో పెరిగిన శక్తిని పాఠంలోకి తీసుకుపోయే పని టీచరు చెయ్యాలి. బజారు పిల్లల తెలివిని గుర్తించని బడి, ఆ వంతెన కట్టకుండా 'లెక్కలు రావు' అని రాసి పంపించేస్తున్నది.

కులం మనసులో జాగా తీసుకుంటుంది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మనసులో ఒకేసారి పట్టుకోగలిగేది కొంతే. ఆ కొంచెం జాగాలోకి కులం వచ్చి కూర్చుంటే పాఠానికి మిగిలేదెంత?

2006లో కార్లా హాఫ్, ప్రియాంక పాండే ప్రకటించిన పరిశోధన ప్రతి టీచరూ తెలుసుకోవలసింది. ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతులు చదివే 321 మంది అగ్రకుల అబ్బాయిలకూ, 321 మంది దళిత అబ్బాయిలకూ కాగితం మీద దారి వెతికే చిక్కుదారి బొమ్మలు ఇచ్చారు. ఎన్ని విప్పితే అంత డబ్బు. కులం ఎత్తనప్పుడు రెండు గుంపుల మధ్య తేడా లేదు. ఆ తర్వాత పిల్లల పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరుతో పాటు కులాన్ని కూడా అందరి ముందూ చదివారు. అంతే, దళిత పిల్లలు విప్పిన బొమ్మల సంఖ్య పడిపోయింది. బొమ్మలు మారలేదు, పిల్లలు మారలేదు, కలం మారలేదు. కులం పేరు గాలిలోకి వచ్చింది, అంతే మారింది. ప్రతిఫలం చీటీ తీసి అదృష్టం మీద ఇస్తామన్నప్పుడు కులం చదివినా ఆ తేడా కనపడలేదు. అంటే పిల్లల్ని దెబ్బతీసింది శక్తి లేకపోవడం కాదు. 'ఎంత చేసినా ఈ మనిషి నాకు న్యాయం చెయ్యడు' అనే అనుభవం.

మన బడుల్లో ఏం జరుగుతున్నది? స్కాలర్‌షిప్పు ఫారాల కోసమని 'ఎస్సీలంతా లేచి నిలబడండి' అంటారు. హాజరు పట్టీలో కులం పేరు గట్టిగా చదువుతారు. 'హాస్టలోళ్ళు' అని వేరు చేస్తారు. సరిగ్గా ఆ ప్రయోగంలో చేసిన పనే మన బడులు ఏ ప్రయోగమూ లేకుండా రోజూ చేస్తున్నాయి. ఆ తర్వాత స్లిప్ టెస్టు పెట్టి మార్కులు తక్కువొచ్చాయని అంటాయి.

ఓపిక గురించి కూడా ఒక మాట. ఒక మిఠాయి ఇప్పుడే తింటావా, కాసేపు ఆగి రెండు తీసుకుంటావా అని పిల్లల్ని అడిగే ప్రయోగం అమెరికాలో చాలా పేరుమోసింది. ఆగిన పిల్లలే జీవితంలో పైకొస్తారని ఏళ్ళ తరబడి ప్రచారం చేశారు. 2013లో సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు ఇంకో సంగతి చూపించారు. ముందుగా ఆ పెద్దమనిషి ఒక మాట ఇచ్చి తప్పితే, తర్వాత పిల్లలు సగటున మూడు నిమిషాలే ఆగారు. మాట నిలబెట్టుకున్న మనిషి దగ్గర పన్నెండు నిమిషాలు ఆగారు. 2018లో టైలర్ వాట్స్ బృందం ఎక్కువమంది పిల్లలతో లెక్కవేస్తే, కుటుంబ పరిస్థితుల్ని లెక్కలోకి తీసుకున్నాక ఓపికకీ తర్వాతి చదువుకీ ఉందన్న సంబంధం చాలా మటుకు కరిగిపోయింది. మాట తప్పే లోకంలో దొరికింది వెంటనే తినడం తెలివితక్కువ కాదు. ఆఖరి బంతిలో కూర్చుంటే కూర అయిపోతుందని తెలిసిన పిల్లగాడు ముందుకు తోసుకొస్తే దాన్ని ఆబ అంటారు. 2003లో ఆంధ్రప్రదేశ్‌తో సహా అయిదు రాష్ట్రాల్లో 531 గ్రామాల్లో దళిత అధ్యయనాల సంస్థ చేసిన సర్వేలో మూడో వంతుకు పైగా గ్రామాల్లో మధ్యాహ్న భోజనం దగ్గర కులవివక్ష కనపడింది. ముందు ఆ బంతి సంగతి తేల్చి తర్వాత ఆబ గురించి మాట్లాడాలి.

కరువు కూడా ఇట్లాగే జాగా తీసుకుంటుంది. 2013లో ఆనంది మణి, సెంధిల్ ములైనాథన్ మొదలైనవాళ్ళు తమిళనాడు చెరుకు రైతులు 464 మందికి కోతకు ముందు, కోత తర్వాత ఒకే రకం పరీక్షలు పెట్టారు. చేతిలో డబ్బు లేని కోత ముందు రోజుల్లో అదే రైతుల మార్కులు తగ్గాయి. పెద్దవాళ్ళ బుద్ధే అప్పుల లెక్కలతో నిండిపోతే, ఆ ఇంట్లో పిల్లల సంగతి చెప్పాలా?

అంబేద్కర్ చిన్నప్పుడు గోనెపట్టా ఇంటి నుంచి తెచ్చుకుని వేరుగా కూర్చున్నాడు. ప్యూను పొయ్యకపోతే ఆయనకు నీళ్ళు లేవు. దాహంతో ఉన్న పిల్లవాడు పాఠం వింటున్నాడా, ప్యూను కోసం చూస్తున్నాడా? ఆ స్థితిలోంచి అంత చదువు చదివాడని ఆయన్ని మెచ్చుకోవడం సులువు. అందరు పిల్లలూ అంబేద్కర్ అంత గట్టివాళ్ళుగా ఉంటేనే చదువొస్తుందనే బడి, బడి కాదని ఒప్పుకోవడమే కష్టం.

అందుకే మేం ఒక హెచ్చరిక చేస్తున్నాం. సంబాళింపు శక్తి అనే కొత్తమాట పట్టుకుని 'దళిత పిల్లల్లో ఇది తక్కువ, మేం పెంచుతున్నాం' అనే స్వచ్ఛంద సంస్థల ప్రాజెక్టులు రావచ్చు. అది పాత మెరిట్ వాదానికి కొత్త బట్ట. ఆటలు ఆడించడమంటే పిల్లల్ని మరమ్మతు చెయ్యడం కాదు. కులం ఆక్రమించిన జాగాని పిల్లలకి తిరిగి ఇప్పించడం.

ఎట్లా ఆడించాలి?

రోజుకి ఇరవై నిమిషాలు, వారానికి నాలుగు రోజులు చాలు. ప్రార్థన తర్వాతో, హాస్టల్లో సాయంత్రం చదువు గంటకి ముందో పెట్టుకోవచ్చు. ఎప్పుడో ఒకరోజు మూడు గంటలు ఆడించేదానికన్నా రోజూ కొంచెం ఆడించడం మేలు.

చెరువు-గట్టు: నేల మీద గీత గీసి ఒకవైపు చెరువు, ఒకవైపు గట్టు అనాలి. పిలిచినప్పుడు అటు దూకాలి. మొదటి వారం మామూలుగా ఆడాలి. రెండో వారం 'చెరువు' అంటే గట్టు మీదికి, 'గట్టు' అంటే చెరువులోకి దూకాలి. మూడో వారం చప్పట్లు కొడితే తిరకాసు, కొట్టకపోతే మామూలు. తప్పిన పిల్లల్ని బయట కూర్చోబెట్టొద్దు. ఎక్కువ సాధన కావాల్సినవాళ్ళనే ముందుగా ఆట నుంచి తీసేస్తే ఆట ఎవరి కోసం? తప్పితే ఒక అడుగు వెనక్కి, మళ్ళీ ఆటలోకి.

కాకి ఎగిరింది: ఎగిరేదాని పేరు చెబితే వేలెత్తాలి, 'గేదె ఎగిరింది' అంటే ఎత్తకూడదు. పెద్ద తరగతుల్లో దీన్నే పాఠంలోకి తీసుకుపోవచ్చు. సరిసంఖ్యకి వేలెత్తాలి, మూడుతో భాగించబడితే ఎత్తకూడదు. ఆటకీ పలకకీ మధ్య వంతెన ఇట్లాగే పడుతుంది.

సంత మూట: వరసగా ఒక్కొక్కరు 'సంతకి పోయి ఉప్పు తెచ్చాను', 'ఉప్పు, మిరపకాయలు తెచ్చాను' అని పాతవన్నీ చెప్పి ఒకటి కలపాలి. పెద్దపిల్లలు ధరలు కూడా కలిపి మొత్తం చెప్పాలి. ఆ మొత్తాన్ని వెంటనే నల్లబల్ల మీద బడి పద్ధతిలో రాయించాలి. వామనగుంటల్లో కూడా అంతే. గుంటలో పిక్కలు ఎన్ని, గుంటలు ఎన్ని అని ఆడినాక రాయించాలి.

డప్పు నడక: డప్పు దరువుకి తగ్గట్టు నడవాలి, ఆగితే ఆగాలి. తర్వాత వేగం దరువుకి మెల్లగా, మెల్ల దరువుకి వేగంగా నడవాలి. అమెరికాలో డోలుతో చేసింది మనం డప్పుతో చెయ్యగలం. అయితే ఒక జాగ్రత్త ఉంది. డప్పు వెట్టికి గుర్తని, కొట్టబోమని తిరగబడ్డ వాడలున్నాయి. వాళ్ళ ఆత్మగౌరవాన్ని మర్చిపోవద్దు. బడిలో డప్పు ఒక్క మాదిగ పిల్లగాడి చేతిలోనే ఉంటే అది మళ్ళీ కులవృత్తే. అన్ని కులాల పిల్లల చేతుల్లోకీ, ఆడపిల్లల చేతుల్లోకీ, టీచరు చేతిలోకీ పోవాలి. అప్పుడే అది వాద్యం.

ఆటకు ముందు రెండు నిమిషాలు, ఆట తర్వాత మూడు నిమిషాలు మాట్లాడించాలి. 'ఏం చెయ్యాలనుకుంటున్నారు? ఎక్కడ తప్పింది? ఈసారి ఎట్లా గుర్తుపెట్టుకుంటావు?' తన బుద్ధి ఎట్లా పనిచేస్తున్నదో పిల్ల తానే గమనించుకోవడం మొదలయ్యేది ఇక్కడే.

ఆటలోకి కులం రాకుండా

మైదానంలోకి దిగగానే కులం పోతుందనుకోవడం అమాయకత్వం. బ్యాటు ఎవరిదైతే బ్యాటింగు వాడిదే, బంతి ఏరుకురావడం వాడ పిల్లగాడిది. కాబట్టి కొన్ని నియమాలు ముందే పెట్టుకోవాలి.

ఊరు-కాలనీ అని జట్లు కట్టొద్దు. చీటీలు తీసి కట్టాలి. చీటీకి కులం తెలియదు. ఆట నడిపించే నాయకత్వం వంతులవారీగా అందరికీ రావాలి. ఆటలో చెయ్యీ చెయ్యీ పట్టుకోవాల్సిన చోట ఎవరు పట్టుకోవడం లేదో టీచరు గమనించి, ఆట మార్చకుండా వరస మార్చాలి. ఆట అయినాక అందరూ ఒకే కుండలో, ఒకే గ్లాసుతో నీళ్ళు తాగాలి. ఆటలో సమానం, కుండ దగ్గర అసమానం అయితే పిల్లలు నేర్చుకునేది కుండ దగ్గర పాఠమే.

'దొంగ' అనే మాట గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన ఆటలన్నిటిలో ఈ మాట ఉంది. రాజు-మంత్రి-దొంగ-పోలీసు చీటీలాట సరేసరి. 1871లో తెల్లదొరలు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం ఎరుకల వంటి జాతుల్ని పుట్టుకతోనే దొంగలంది. ఆ చట్టం 1952లో రద్దయినా ఊళ్ళ నోళ్ళలో రద్దు కాలేదు. తరగతిలో ఎరుకల పిల్ల ఉన్నప్పుడు 'నువ్వు దొంగ' అనేది ఆట మాట కాదు. 'వంతు' అందాం. 'ఇప్పుడు నీ వంతు' అంటే చాలు, ఆటకేం లోటు రాదు.

ఆడపిల్లలు తమ్ముణ్ణి ఎత్తుకుని గట్టు మీద కూర్చుని చూస్తుంటారు. ఆ తమ్ముడికి అంగన్‌వాడీలో చోటు చూపించడం కూడా ఆటలో భాగమే. సరిగా నడవలేని, చూడలేని పిల్లలుంటే నియమాన్ని వాళ్ళకి తగ్గట్టు మార్చే బాధ్యత పిల్లలకే ఇవ్వాలి. నియమం మార్చి కూడా న్యాయంగా ఉంచడం ఎట్లాగో వాళ్ళు తేల్చుకుంటారు. మార్చుకునే శక్తికి అంతకన్నా మంచి సాధన లేదు.

ఇది దయ కాదు, హక్కు

2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం, ప్రతి తరగతికీ ఆట వస్తువులు ఉండాలని రాసి ఉంది. 2020 జాతీయ విద్యావిధానం చిన్నపిల్లల చదువు ఆట ద్వారా సాగాలంటున్నది. 2023 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం 'జాదూయీ పిటారా' పేరుతో ఆటవస్తువుల పెట్టెని విడుదల చేసింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. డబ్బున్నవాళ్ళ పిల్లలకి ఆటతో చదువు నేర్పే ఖరీదైన బడులున్నాయి. మన పిల్లలకి మాత్రం 'ఆటలు కట్టిపెట్టి బట్టీ పట్టండి' అనే బడి మిగులుతున్నది. ఒకే దేశంలో ఒకరికి ఆట చదువైంది, ఒకరికి ఆట నేరమైంది.

అందుకని ఈ వ్యాసం చదివే కార్యకర్తల్ని మేం కోరేది మూడు పనులు. మీ మండలంలో ఏ బడికి ఆటస్థలం లేదో, ఉన్నదాన్ని ఎవరు ఆక్రమించారో లెక్క తీయండి. తరగతిలో కులం పేరు గట్టిగా చదివే అలవాటు ఎక్కడుందో కనుక్కుని ఆపించండి. స్కాలర్‌షిప్పు వివరాలు గదిలో పిలిచి ఒక్కొక్కరి దగ్గర రాసుకోవచ్చు, అందరి ముందూ నిలబెట్టే పనిలేదు. వాడలో ముసలమ్మల్నీ తాతల్నీ అడిగి వాళ్ళు ఆడిన ఆటల్ని నియమాలతో సహా రాయించండి. రాసేవాళ్ళు పిల్లలే కావాలి. ఆ రాసిన కాగితాలే వాళ్ళకి చదివే పుస్తకం అవుతాయి.

టీచర్లకి ఒక్కమాట. రేపు తరగతిలో ఏ పిల్లగాడైనా కుదురుగా కూర్చోకపోతే, వాడికి నిలకడ లేదనే ముందు వాడు నేల-బండ ఎట్లా ఆడుతున్నాడో ఒక సాయంత్రం చూడండి. అక్కడున్న నిలకడ ఇక్కడికి ఎందుకు రాలేదన్న ప్రశ్నకి జవాబు వెతకాల్సింది పిల్లగాడు కాదు, మనం.